నాలుగో కాగితం

స్టైన్‌బాక్‌లో ఏప్రిల్ బురద ఇంకా ఆరలేదు.
కొత్త క్యాంపర్ తాళాలు చేతికివ్వకముందే
డెరిల్ నాలుగో కాగితం ముందుకు జరిపాడు.
"పద్దెనిమిది వందల డాలర్లు. ఎండ, పిట్టల రెట్ట, చెట్ల జిగురు,
ఐదేళ్ళు ఏదీ అంటదు."

కళ్ళజోడు తుడుచుకుని చీమల బారు లాంటి అక్షరాలు చదివాను:
ఏటా ఇక్కడికే తెచ్చి చూపించాలి.
కప్పు అతుకులు వాళ్ళ పూచీ కాదు.
వడగళ్ళు, అసలే కాదు.
"మానిటోబాలో వడగళ్ళు కాక ఇంకేం పడతాయి నాయనా?"
డెరిల్ నవ్వి, పెన్ను మూత తీసి పెట్టాడు.

నేను లేచాను. కోర్నీ లేవలేదు.
పాత ట్రక్కుకి నలభై ఏళ్ళు మైనం రుద్దిన చేతులు
మోకాళ్ళ మీద బోర్లించి
"నిచ్చెన ఎక్కలేను అగాథా" అన్నాడు,
ఎవరి తప్పో తను ఒప్పుకుంటున్నట్టు.

అదా సంగతి.
ఇంతసేపూ నేను రంగు గురించే బేరమాడుతున్నాను.

మే నెల శనివారం.
ఇరవై రెండు డాలర్ల మైనం డబ్బాతో నిచ్చెన మీద నేను,
కింద నిచ్చెన పట్టుకుని ఆయన,
"అక్కడ వదిలేశావ్, అదిగో, అక్కడ!"

మొదటి గీత నా చేతి గడియారమే గీసింది.
తల పైకెత్తి చాలాసేపు చూశాడు.
"అదీ ఆ కాగితంలో లేదులే" అన్నాడు.