సముద్రం వైపు బోర్డు

పాత పోస్టాఫీసు దాటాక, సందు చివర,
మా కోర్టుకి రెండు బోర్డులు.
ఒకటి కొండ వైపు, ఒకటి సముద్రం వైపు.
తూర్పూ పడమరా ఎవరూ అనేవారు కాదు.
టాస్ గెలిస్తే కొండ వైపే కోరుకోవాలి.
ఎందుకని అడక్కూడదు.

జట్టుకి పన్నెండు జెర్సీలు.
నేను పదమూడో దాన్ని.
అందుకని నాకు పెన్నిచ్చారు.

డెబ్బై ఎనిమిదిలో ఇమ్మాన్యుయేల్ మాస్టారు
కోర్టుకి అడ్డంగా కొబ్బరితాడు కట్టి
సగం ఆడపిల్లలకన్నారు.
ఆ తాడు ఎవరు విప్పేశారో, ఎప్పుడో,
పుస్తకంలో లేదు.
అప్పటికి నేనింకా పలక మీద దిద్దుతున్నాను.

తెల్ల జెర్సీలు ఒక్క ఏడాదే.
పోర్టు నుంచి ఇనుపధూళి వచ్చి
భుజాల మీద కూర్చునేది, ఎంత ఉతికినా లేచేది కాదు.
పోనీ అని ఇటుకరంగు కుట్టించారు.
బయటి ఊళ్లవాళ్లు అది మా కాలేజీ రంగనుకుని
గౌరవంగా చూసేవాళ్లు.

కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం బంతి ముట్టరు.
నిచ్చెనెక్కి రింగు గీకుతారు,
ఉప్పు తిన్న ఇనుముని ఉప్పుకాగితంతో.
కళ్లలో తుప్పు పడి ఏడ్చిన పిల్లే
మూడేళ్లయ్యాక నిచ్చెన కింద నిలబడి
"ఇంకా గీకవే" అంటుంది.

బజారు నెట్టు మూడు నెలలకే చివికిపోయేది.
జాలరిపేట నుంచి వాసుపల్లి ఎల్లాజీని పిలిచారు.
ఆయన అల్లి తెచ్చిన మొదటి వలకి
అడుగు మూసేసి ఉంది.
నూకరత్నం వేసిన బంతి అందులోనే కూర్చుండిపోయింది.
మేం నవ్వుతుంటే ఆయనకి కోపమొచ్చింది:
"పడిందాన్ని వదిలీసే వలేటమ్మా?"
తర్వాత చాకుతో తనే కోశాడు,
చేపకి క్షమాపణ చెప్పుకున్నట్టు, మెల్లగా.

మూడు దాటితే గాలి ఏటవాలుగా తిరుగుతుంది.
ఫ్రీత్రో జానెడు ఎడమకి విసరాలి,
మిగతాది గాలి చూసుకుంటుంది.
మాస్టారు మాకు నేర్పింది అదొక్కటే అనుకుంటాను.
మా కోర్టులో మమ్మల్ని ఓడించినవాళ్లు
పదకొండేళ్లలో ఇద్దరు.

తొంభై ఒకటి. బెజవాడ.
మొదటిసారి పైకప్పు కింద ఆడాం.
నూకరత్నం గీత దగ్గర నిలబడి, నేల మీద రెండుసార్లు కొట్టి,
జానెడు ఎడమకి విసిరింది.
గాలి రాలేదు.
మళ్లీ విసిరింది. రాలేదు.
మా చేతులకి ఇంకో దారి తెలీదు.
పద్దెనిమిదిలో నాలుగు.
నా చేతిరాతే, ఎక్కడా కొట్టివేత లేదు.

తిరుగురైల్లో ఎవరూ నోరు విప్పలేదు.
పులిహోర పొట్లాలు అలాగే ఉండిపోయాయి.
తుని దాటాక
నూకరత్నం కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి
"ఇదుగో, ఇప్పుడొచ్చింది ముండ" అంది.
అనకాపల్లి దాకా నవ్వుతూనే ఉన్నాం,
కొందరం ఏడుస్తూ.

హుద్‌హుద్ సముద్రం వైపు బోర్డుని ఎత్తుకుపోయింది.
మూడు వీధుల అవతల
ఎవరి మేడ మీదో నీళ్ల ట్యాంకు పక్కన దొరికింది.
పలక చీలిపోయింది.
రింగుకి వల ఉంది.
ఎల్లాజీ అప్పటికి లేడు.

ఈ ఏడు హాలు కట్టారు.
చెక్కనేల, అద్దంలా.
నా పుస్తకాలు గాజుబీరువాలో పెడతారట, ఇచ్చేశాను.
బెజవాడ పేజీ దగ్గర ఓ పుల్ల పెట్టి ఇచ్చాను.

నూకరత్నమే ఇప్పుడు కోచ్. మోకాళ్లు లేవు, గొంతుంది.
వచ్చిన మొదటి రోజే
సముద్రం వైపు షట్టరు ఎత్తించింది, దించనివ్వదు.
ఉప్పుగాలికి నేల ఉబ్బుతుందని ఇంజనీరు గోల.
రాతపూర్వకంగా జవాబు కావాలట.

ఫారం నా దగ్గరికే వచ్చింది,
ఈ జట్టులో రాసేదాన్ని నేనే కదా.
పేరు రాశాను, తేదీ వేశాను.
కారణం అన్న గడి ఉంది.
నాలుగు రోజులయింది.