అడుగున ఉన్న గది

గ్లాస్గోలో శనివారం రాత్రి.
పైన అద్దాల నేల మీద అడుగులు పడుతుంటే
అడుగున, కిటికీ లేని గదిలో
నేను అంకెలు చూస్తుంటాను.
నా పేరు ఎవరూ అడగరు.
చివర్లో ఒక సంతకం కావాలి, అంతే.

పదకొండు వారాలుగా ఒక్క నాట్యమూ చూడలేదు.
కప్పు అదిరే తీరుని బట్టి తెలుస్తుంది:
వాల్ట్జ్ అయితే చూరు మీంచి వాన జారినట్టు,
ఎవాండర్ బాలంటైన్ వంతు వస్తే
ఎవరో బీరువాని మెట్ల మీంచి దించుతున్నట్టు.

ఒకప్పటి గోల్‌కీపర్. మోకాలికి రెండు ఆపరేషన్లు.
ఈ రాత్రి న్యాయనిర్ణేతలు ఇచ్చింది మూడు, మూడు, రెండు,
పాపమనిపించి ఒకాయన నాలుగు.
ఆటిలీ క్రేన్‌కి అన్నీ తొమ్మిదులూ పదులూ.
సీరియల్ నటి. ఆరేళ్లకే బాలే బూట్లు తొడుక్కున్న పిల్ల.
ఆమె తిరుగుతున్నంతసేపూ
నా టీలో చిన్న వలయమైనా లేవదు.

అయినా ఎవాండర్ గీత
పొయ్యి మీద మరిచిపోయిన పాలలా లేస్తుంది, ప్రతి వారం.

పక్క కుర్చీలో టార్కిల్‌కి మండుతుంది.
"ఇది డాన్సుకి వేసే ఓటా, మోకాలికి వేసే ఓటా?"
ఆడలేకపోయినా
మద్దెలని తిట్టని మనిషికి వేసే ఓటు, అనుకున్నాను.
పైకి అనలేదు. ఈ ఉద్యోగంలో అభిప్రాయాలు కోటుతో పాటు
బయట కొక్కేనికి తగిలించి రావాలి.

కానీ ఆటిలీ?
ఆమె చేసిన తప్పేమిటి, బాగా రావడమా?
కాలిగోరు ఊడిన వారం కూడా నవ్వుతూ నిలబడితే
"దానికేం, ముందే వచ్చుగా" అని
దేశమంతా టీ పెట్టుకోవడానికి లేస్తే
అది ఏ పద్దులో రాయను?

మా అమ్మ మర్డీనా లూయిస్ దీవిలో
గోడకున్న పాత ఫోన్ నుంచి
ఎవాండర్‌కే వేస్తుంది.
ఎందుకమ్మా అంటే,
"మా పెళ్లిలో రీల్ ఆడుతూ మీ నాన్న
అచ్చం ఇలాగే నా కాలు తొక్కాడు.
ఆ రోజు ఎవరూ మార్కులెయ్యలేదు" అంది.
కాకిపిల్ల కాకికి ముద్దంటారు.
ముప్ఫై ఏళ్ల తర్వాత, వేరే కాకిపిల్ల అయినా సరే.

తొమ్మిదీ పదిహేనుకి
పైన తాళం ఆగింది,
కింద లైన్లకి తాళం పడింది.

తాళం పడ్డాక వచ్చినవి వేరే జాబితాలో చేరతాయి.
ఈ రాత్రి వెయ్యీ నూట నలభై.
ఎక్కువ భాగం దీవులవే;
గాలికి కరెంటు పోయి, టీవీలు మళ్లీ వెలిగేసరికి
పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.
వాటిని విప్పకూడదు. ఎవరికి వేశారో చూడకూడదు.
డబ్బు మాత్రం ముప్ఫై అయిదు పెన్నీలు,
వేళకి వచ్చినా రాకపోయినా అంతే.

నంబర్ల వరస మీద వేలు నడుపుతుంటే ఒకచోట ఆగింది.
నా పేరు రాయడం రాకముందే
నాకు కంఠతా వచ్చిన నంబరు.

ఎవాండర్ ఓడిపోయింది రెండు వందల ఆరు ఓట్లతో.

టార్కిల్ బల్ల చరిచాడు: "హమ్మయ్య, న్యాయం గెలిచింది!"
గెలిచిందేమో.
ఆ న్యాయాన్ని ఇంటికి తెచ్చింది
దీవి మీద వీచిన గాలి.
లెక్క మూడుసార్లు సరిచూశాను. సరిగ్గానే ఉంది.
సంతకంలో మాత్రం చివరి అక్షరం కొంచెం కుంటింది.

ఫోన్ మోగింది. అమ్మ.
"నా ఓటు అందిందా?"

"అందిందమ్మా" అన్నాను.
అబద్ధం కాదు. అందింది.

పైన బీరువా ఇంకోసారి మెట్లు దిగుతోంది.
వీడ్కోలు నాట్యం. దీనికి మార్కులుండవు.
టీ చల్లారింది,
అందులో వలయాలు
ఒకదాని కాలు ఒకటి తొక్కుకుంటూ.