కొంచెం ఎత్తించవా

ఆగు, లోవకుమారీ.
ఆ పరుపు అంచు వదిలెయ్.
దుప్పటి మూల దూర్చడానికి
తుపానుకి ఒరిగిన సరుగుడు చెట్టులా వంగిపోతున్నావు.
ఇవాళ పదిహేను గదులు,
రేపు పదిహేను.
సూపర్‌వైజర్ పుస్తకంలో ఎక్కనివి కూడా
నడుము రాసి పెట్టుకుంటుంది.

నడుం వంచి పనిచెయ్యమని
నాకూ చెప్పారు చిన్నప్పుడు.
చెప్పినవాళ్ళెవరూ
నాలుగొందల పన్నెండులో పరుపు ఎత్తి చూళ్ళేదు.
నువ్వు మోకాళ్ళు వంచు.
పాదాలు ఎడంగా, ఒకటి కాస్త ముందుకి.
బరువుని ఒంటికి దగ్గరగా లాక్కో,
చంటిపిల్లని ఎత్తుకున్నట్టు.
చేతులు బారచాపి పిల్లని మోస్తామా ఎవరమైనా?
పక్కకి తిరగాలంటే పాదాలు తిప్పు.
నడుముని పిండకు,
అదేమన్నా తడిగుడ్డా.

సర్వీసు లిఫ్టు పక్కన బొమ్మ అంటించారు, చూశావా?
ఒకాయన నవ్వుతూ డబ్బా ఎత్తుతుంటాడు.
ఆ డబ్బా ఖాళీదని నా అనుమానం.

ఎర్రయ్యమ్మ పడ్డాక అంటించిందది.
ఆవేళ లిఫ్టు ఆగిపోయింది.
ఈతకొలను తువ్వాళ్ళు, నీళ్ళోడుతున్నవి,
ఒక్క సంచీలో కుక్కి
మెట్లమీంచి దింపమన్నారు.
రెండో అంతస్తు మలుపులో
చీపురుపుల్ల విరిగినంత చప్పుడు.
రిజిస్టర్లో "కాలు జారింది" అని రాశారు.
ఇప్పుడు ఆరిలోవలో
నిలబడే అన్నం తింటోంది,
కూర్చుంటే లేవలేక.

మా అమ్మ హార్బర్లో చేపలు కొనేది.
తెల్లారకుండానే కానాగంతల గంప నెత్తిన పెట్టుకుని
కంచరపాలెం దాకా నడిచేది.
మోయడం ఒక్కతే.
నేలమీంచి నెత్తికి మాత్రం
ఒక్కతే ఏనాడూ ఎత్తుకోలేదు.
"కొంచెం ఎత్తించవా" అనేది
దారినపోయే ఎవరినైనా,
టీ కొట్టువాణ్ణి, పోలీసునైనా.
మూడేళ్ళు మాటల్లేని మా పిన్ని కూడా
గంప దగ్గర చెయ్యి వేసి
మళ్ళీ మొహం తిప్పుకుపోయేది.

ఎత్తించడం.
ఆ మాట ఈ హోటల్లో ఎక్కడా రాసిలేదు.
బొమ్మలో కూడా ఒక్కడే ఉన్నాడు, పాపం.

ఇంత చెప్పానా,
మధ్యాహ్నం మూడింటికి ఆరొందల రెండులో
నువ్వు సబ్బుల కోసం వెళ్ళావు,
నేను మడతమంచం మీదికి వంగాను.
ఒక్కదాన్నే.
పద్నాలుగేళ్ళ అలవాటు,
ఇంకా నాలుగు గదులున్నాయన్న తొందర.
నడుము మధ్యలో వేడి సూది.
గుమ్మంలోంచి నీ గొంతు:
"అప్పా, మోకాళ్ళు."

తిట్టాలనిపించింది నిన్ను.
నిన్న కాక మొన్న
పాయకరావుపేట బస్సు దిగిన పిల్లవి.

కిటికీ అవతల సముద్రంలో
ఇనుపరాయి ఓడ ఒకటి లంగరేసుకుని ఉంది.
అంత ఓడకీ చిన్న టగ్గు వచ్చి చెయ్యి పట్టుకోవాలట,
రేవులోకి రావాలంటే.
కళాసీగా చేసిన మా బాబు చెప్పేవాడు.
ఆ ముక్క చెప్పేటప్పుడు కూడా
గోడకి ఆనుకునే కూర్చునేవాడు.

సరే, రా.
అటువైపు పట్టుకో.
అడగడం ఇంతేనే,
గొంతులో ముల్లేమీ గుచ్చుకోలేదు:
కొంచెం ఎత్తించవా.

ఒకటి అన్నావు, రెండు అన్నావు.
మూడు అనకముందే లేచింది మంచం.

నవ్వకు.
ఇంకా నాలుగు గదులున్నాయి.