కన్నందొంగ

అసిరినాయుడు తెడ్డు ఆపాడు.
"రోజూ సీసాల్తో నీల్లట్టుకెల్తారు,
ఏటుందేటమ్మా అందులో?"
"వేటగాళ్ళు" అన్నాను.
అతను నవ్వి తన వల వైపు చూసుకున్నాడు.

ఊరికి చూసుకోడానికి సముద్రం ఉంది,
తాగడానికి ముడసర్లోవ.
కంబాలకొండ మీంచి జారిన వాన,
ఏ కాలనీదో మురుగు, గేదెలు కడిగిన నురగ
అన్నీ ఇక్కడికే.

గాజుపళ్ళెంలో పల్చటి పాలమీగడ లాంటి పొర.
అంతా సూక్ష్మజీవులే, ఒకదాని భుజం మీద ఒకటి.
మొదటి రోజు ఏమీ లేదు.
రెండో రోజూ అంతే. నస్రీన్ పారేద్దామంది.
మూడో రోజు పొద్దున్న
పొరలో చిన్న చిన్న కిటికీలు,
కింద పెట్టిన నా వేలి గీతలు కనబడేంత తేటగా.

ఎవరు తిన్నారు?

కామా అంత వంపు. కామాలో వెయ్యో వంతు కూడా లేని ఒళ్ళు.
పొంచి ఉండటం దానికి రాదు.
ఉరికి గుద్దుకుంటుంది,
తగిలింది రాయా తిండా అన్నది తర్వాతి సంగతి.
తిండే ఐతే గోడకి కన్నం వేసి దూరి
వచ్చిన దారిని లోపల్నుంచి పూడ్చేసుకుంటుంది.
బయటికి ఇల్లు ఇల్లులాగే ఉంటుంది,
కాస్త గుండ్రంగా ఉబ్బి.
మూడు గంటలు, నాలుగు.
ఆ తర్వాత గోడ పగిలి
పిల్లలు,
పుట్టీ పుట్టగానే ఆకలితో.

ఆగస్టులో మురుగు పొంగిన వారం
మా లెక్కలు పైకి పోయాయి, భయపడ్డాం.
పదిరోజులకి దిగాయి.
ఎండ అన్నాం, వాన అన్నాం,
కమిషనర్‌కి పంపిన కాగితంలో క్లోరిన్ అని రాశాం.

అవి చెరువుని కాపాడ్డం లేదు. తింటున్నాయి, అంతే.
అన్నిట్నీ తినెయ్యవు కూడా.
వేట పల్చబడితే వాటికే పస్తు.
పగిలిన ఇంట్లోంచి కారింది నాచుకి,
నాచు నలుసులకి, నలుసులు పిల్లచేపలకి,
చేప నాయుడి వలలోకి.

ఇదంతా చెప్పాను, లాటిన్ పేరుతో సహా.
నోరు తిరక్క తెడ్డు నీళ్ళలో వేశాడు.
"గోడకి కన్నమేసి దూర్తాదన్నారు కదా,
కన్నందొంగనండి, సరిపోద్ది."

సాయంత్రం పళ్ళెం మూత మీద
స్కెచ్ పెన్‌తో అదే రాశాను.
నస్రీన్ చూసింది. దిద్దలేదు.
కింద తారీఖు వేసింది.