వయసు లేని సారా

సీసాని అడ్డంగా ఒక్క ఊపు ఊపి
వెలుతురుకి పట్టింది ఫిలోజీన్.
అంచున కట్టిన బుడగల పూసలు
ఎంతసేపు చెదరకుండా ఉంటాయో
పెదవి కదపకుండా లెక్కపెట్టింది.

"కొట్టిన రోజే ఆడించాను గడ"
అన్నాడు సెరాఫెన్, కాగు కిందికి పిప్పి ఎగదోస్తూ.

మొదటి చుక్క నేలకి, కిందున్నవాళ్లకి.
రెండోది అరచేతుల్లో రుద్ది ముక్కుకి.
ఆ తర్వాతే నోట్లోకి.

క్లెరిన్‌కి పీపా తెలీదు, ఏళ్లు తెలీవు.
జరిగింది దాచుకోడానికి
దానికి చెక్క గోడలేవీ లేవు.

ముందు పచ్చిది,
కొడవలికి అంటిన ఆకు పసరు.
కొంచెం ఉప్పు. సముద్రం మీంచి కొండెక్కిన గాలి కాబోలు.
అప్పుడు మంట, చెవుల దాకా.
మంట దిగాక ఎక్కడో చిగుళ్ల వెనక
పుల్లగా ఒక మంగళవారం.

"మంగళవారం కొట్టావు" అంది.
"గురువారం దాకా ఎండలో పడేశావు."

గానుగెద్దు మెడ గంట కూడా ఆగింది.
సెరాఫెన్ పొయ్యి వంకే చూస్తూ అన్నాడు:
"బుధవారం పాపని మోసుకెళ్లాం, ఆసుపత్రికి.
తలుపు రెక్క మీద. ఆరుగురం."

ఆమె ఏమీ అనలేదు.
గాలనుకి యాభై గుర్దులు తగ్గించింది,
ఒక్క గుర్దు అటూ ఇటూ కాకుండా.
పసుపు డబ్బాలు నాలుగూ గాడిదకి కట్టి
కవాయోన్ సంత దారి పట్టింది.

మలుపు దాటినా నోట్లోంచి
మంగళవారం పోలేదు.
గాడిదని ఆపి
"ఏ ఆసుపత్రి?" అని
వెనక్కి కేకేసింది.