స్టూలు కాలు

పెరంబూరు. సాయంత్రం నాలుగున్నర.
ఫ్లాష్ ఆర్పేసి, కిటికీకి తెల్ల పంచె కట్టి
ఎండను వడగట్టాను.
మునిరత్నం గారు కూర్చున్నారు,
ఎవరో మోసుకొచ్చి దించిన బస్తాలా.
ఎల్లుండి రిటైర్మెంటు. ఫ్రేము కట్టించాలట.

నవ్వమన్నాను. పళ్ళు చూపించారు.
గడ్డం కాస్త దించమన్నాను.
మెడే వాల్చేశారు.
ఇరవై ఏళ్ళుగా ఇవే మాటలు.
ఇరవై ఏళ్ళుగా జనం నాకు
ముఖాలివ్వడం మానేసి
నా మాటలే నాకు తిరిగిస్తున్నారు.

ఇక నోరు మూసుకుని లెన్సు తుడుస్తూ నిలబడ్డాను.
అవతల లోకల్ రైలు పోయింది.
అద్దం పక్కన దారానికి కట్టిన దువ్వెన
కాసేపు ఊగింది.
ఆయన వంగి స్టూలు కాలు తడిమారు.

"ఈ అతుకు ఎవడేశాడయ్యా?"

రైలుపెట్టెల కార్ఖానాలో ముప్పై ఆరేళ్ళు
నిప్పురవ్వల్లోకి చూసిన కళ్ళు
సగం మూతపడి, పదునెక్కి,
పెదవి ఒక పక్కకి వంకర తిరిగి,
భుజాలు ఎప్పుడు లేచాయో లేచి

నొక్కాను.

చూపించబోతే వద్దన్నారు.
డబ్బులు బల్ల మీద పెట్టి,
స్టూలు చంకన పెట్టుకుని
మెట్లు దిగిపోయారు.

"సోమవారం నుంచి ఖాళీయేగా," అన్నారు
మలుపు దగ్గర,
వెనక్కి చూడకుండానే.