రాకెట్టు రోజు పులుసు

సూళ్ళూరుపేట బస్టాండు వెనక
మస్తానమ్మ మెస్సుకి బోర్డు లేదు.
తాలింపులో ఆవాలు చిటపటమన్నాయంటే తెరిచినట్టు,
గుమ్మంలో చీపురు నిలబెట్టిందంటే మూసినట్టు.
పదకొండేళ్ళుగా ఇదే నా గడియారం.

నేను సర్వేయర్ని.
మండలంలో పొలాలన్నీ గొలుసేసి కొలిచాను.
నా నాలుక పొలిమేరలు మాత్రం ఈమె గరిటే కొలిచింది:
ఉత్తరాన గూడూరు నిమ్మకాయ,
దక్షిణాన తడ దాటొచ్చే అరవ కాఫీ,
పడమట కాళంగి ఇసకలో కాసిన దోసకాయ,
తూర్పున పులికాట్.
ఆ తూర్పు హద్దు ఒక్కటే నిలవదు,
నీళ్ళని బట్టి, చేపని బట్టి
రోజూ కాస్త జరుగుతుంది.

మామూలు రోజుల్లో
తెల్లారకముందే చెంచమ్మ వస్తుంది,
తడి కుచ్చిళ్ళు ఎగదోపుకుని.
బుట్టలో పీతలు
ఒకదాని కాలు ఒకటి పట్టుకుని పంచాయితీ చేస్తుంటాయి.
"ఆడపీత తీసుకోమ్మే, లోపల గుడ్డుంది."
"నీ మాటల్లో ఉందిలే గుడ్డు."
బేరం తెగేసరికి ఇద్దరూ రెండేసి టీలు తాగేసి ఉంటారు.
ఎవరు గెలిచారో నాకెప్పుడూ తెలియలేదు.

ఆ రోజు చెంచమ్మ రాలేదు.
రాకెట్టు రోజు. పడవలన్నీ ఒడ్డునే కట్టేశారు.
సరస్సు కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది.
మెస్సులో నేను,
గూడూరు నిమ్మకాయలతో మద్రాసు పోయే లారీ డ్రైవరు,
దొరవారిసత్రంలో డ్రాయింగు చెప్పే హజరత్తయ్య.
ముగ్గురం గోడ మీది కేలెండరు వైపు చూస్తున్నాం,
ఆకలికి వాయిదా అడుగుతున్నట్టు.

"చేపల్లేవని తిప్పి పంపిస్తే ఇది మెస్సెట్టవుద్ది?"
అంటూ అటక మీంచి
మూతికి గుడ్డ కట్టిన కుండ దించింది.
ఎండు నెత్తళ్ళు.
గుడ్డ విప్పగానే
పోయిన ఎండాకాలం మొత్తం లేచి కూర్చుంది.

పెనం మీద ఉత్తినే వేయించి, తలలు తుంచి,
మూడు నీళ్ళల్లో కడిగి,
చింతపండు రసం తెర్లుతుంటే
ఈ ఏటి తొలి మామిడికాయ టెంకతో సహా వేసింది.
"టెంక పారేసేవాడికి పులుసు తెలీదబ్బయ్యా."

రాగిసంకటి ముద్దలో వేలితో గుంట.
గుంట నిండా పులుసు, అంచున నల్లగా నువ్వుల నూనె.
నమలకూడదు. గొంతులోకి జారనివ్వాలి,
మెట్లు తెలిసినవాడు చీకట్లో దిగినట్టు.
నాలుగో ముద్ద దగ్గర వీధిలో కేకలు:
"లేచింది! లేచింది!"

ఊరు మిద్దెలెక్కింది.
డ్రైవరు ఎంగిలిచేత్తోనే పరిగెత్తాడు.
హజరత్తయ్య వాకిట్లో నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి
ఆకాశానికి కొలతలు తీసుకుంటున్నాడు.
ముందు వెలుగు.
చాలాసేపటికి గానీ చప్పుడు రాలేదు.
వచ్చాక రేకులు వణికాయి,
స్టాండులో లోటాలు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.
నా పళ్ళెంలో పులుసు మీద
సన్నటి వలయాలు లేచి
టెంక దాకా వచ్చి ఆగిపోయాయి.

నేను లేవలేదు. ఆమె కూడా.
"పోయి చూడరాదా?" అన్నాను.
"పెళ్ళై వచ్చినప్పట్నించీ చూస్తన్నా.
అవి పోతానే ఉంటయ్.
ఆకలని తిరిగొచ్చేది మీరే గదా."

తర్వాత మజ్జిగ.
లారీలోంచి జారిపడ్డ నిమ్మాకు రెండు నలిపి వేసింది,
రాళ్ళుప్పు, పచ్చిమిరప్పండు గిల్లి.
లోటా ఎత్తి పట్టి తాగుతుంటే
గొంతులో వాన పడే చప్పుడు
నాకే వినిపించింది.

డ్రైవరు తిరిగొచ్చాడు.
కళ్ళల్లో ఇంకా మంట ఆరలేదు,
వేళ్ళ మీద పులుసు మాత్రం ఎండి బిగుసుకుంది.
మస్తానమ్మ అతని పళ్ళెంలోకి వేడిపులుసు వంచుతూ
"ఎట్టుందబ్బయ్యా?" అనడిగింది.
"అబ్బ, నిటారుగా పోయిందమ్మా,
మబ్బుల్ని చీల్చుకుని..."
"నేనడిగింది నెత్తళ్ళ సంగతి."

అతను వేళ్ళు ఒక్కొక్కటే నాకి
కాసేపు ఏమీ అనలేదు.
ఇంకో ముద్ద పెట్టమని
పళ్ళెం ముందుకు జరిపాడు.